అత్త ఇంటి గోడకు ఊపిరి

నిజం చెప్పొద్దూ, మా మేనత్త ఇంటికి నేను చేసిన మొదటి సాయం ఆ ఇంటిని దాదాపు కూల్చినంత పని చేసింది! రెండోసారి చేసిన సాయం నిలబెట్టింది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఏమిటో చెబుదామనే ఇది రాస్తున్నాను. డబ్బులో కాదు తేడా. ఓపికలోనూ కాదు. మొదటిసారి నేను అత్తను అడగలేదు. రెండోసారి అడిగాను. అంతే!

అత్త ఇల్లు భీమునిపట్నంలో. విశాఖపట్నం నుంచి బీచిరోడ్డు వెంట పాతిక కిలోమీటర్లు పోతే గోస్తని సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అదే మా భీమిలి. ఒకప్పుడు డచ్చివాళ్లు వర్తకం చేసిన రేవు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత ఊరు. ఆ ఊళ్లో, కెరటాల చప్పుడు వినిపించే వీధిలో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు అది. నాలుగు గదులు, ముందు వసారా, వెనక పెరడు, పెరట్లో నుయ్యి. ఇటుక, గానుగ సున్నంతో కట్టిన మూరెడు మందం గోడలు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గోడకి వీపు ఆనించి కూచుంటే ఫ్యాను అక్కర్లేదు.

అత్తకి పెళ్లయిన మూడో ఏడే మావయ్య పోయాడు. పిల్లల్లేరు. 1971లో తాతగారు ఆ ఇంటిని అత్త పేరున రాసిచ్చారు. ఆ రోజుల్లో కొడుకులుండగా కూతురి పేర ఇల్లు రాయడం మా బంధువర్గంలో పెద్ద వింత. అత్త ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేరి, రిటైరయ్యేవరకూ ఆ ఇంట్లోంచే బడికి వెళ్లింది. ఆ చుట్టుపక్కల వాళ్లకి ఆవిడ ఇప్పటికీ 'పంతులమ్మగారే'.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిందా... గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి! ఆ రోజు అత్త తలుపు గడియ తీసి, పక్క పాకల్లో ఉండే రెండు మత్స్యకారుల కుటుంబాలను లోపలికి పిలిచి, అందరూ కలిసి నడిమింట్లో గోడవారగా కూచున్నారట. వసారా పెంకులు ఎగిరిపోయాయి. గోడలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక నా సాయం సంగతి. మరుసటి ఏడు అత్త కాశీ యాత్రకి వెళ్లింది. వచ్చేలోపల ఇల్లు బాగుచేయించి ఆవిడను ఆశ్చర్యపరచాలని నాకు బుద్ధి పుట్టింది! అన్నదమ్ముల దగ్గర తలా కొంత వసూలు చేశాను. పాత సున్నం గోడలకి సిమెంటు పూత పూయించి, మీద లేత ఆకుపచ్చ ఎనామిల్ రంగు వేయించాను. వసారాకి సిమెంటు రేకులు దింపించాను. పన్నెండు రోజుల్లో ఇల్లు పెళ్లికూతురిలా తయారైంది. అత్త వచ్చి గోడ మీద అరచెయ్యి వేసి నిమిరింది. "చల్లదనం పోయినట్టుందే" అంది. వెంటనే నా మొహం చూసి, "బావుంది తల్లీ" అంది. నేను రెండో మాటే విన్నాను. మొదటిది వినలేదు.

క్యాలెండర్ల వెనక

ఏడేళ్లు గడిచాయి. 2022 వానల్లో ఓ రోజు పక్కింటి నుంచి ఫోను. అత్త తడి గచ్చు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పరిగెత్తుకెళ్లాం. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బట్టలు సర్దుతుంటే ఒక సంగతి నా కంట పడింది. నడిమింట్లో ఒక్క గోడకే ఆరు క్యాలెండర్లు! అందులో నాలుగు పాత సంవత్సరాలవి. ఒకటి ఎత్తి చూశాను. వెనక రంగు బుడగలు బుడగలుగా లేచి ఉంది. వేలితో తాకితే పెచ్చు ఊడి, లోపలి ఇటుక పిండిలా రాలింది. తెల్లటి ఉప్పు గోడంతా పొంగి ఉంది.

అత్త మంచం మీదనుంచి చూస్తూనే ఉంది. "నువ్వు ముచ్చటపడి చేయించావు కదమ్మా, ఎలా చెప్పమంటావు?" అంది.

ఆ మాటకి నేను ఏం జవాబు చెప్పగలను చెప్పండి!

చెయ్యి కట్టు కట్టించాక ఆవిడను విశాఖలో మా ఫ్లాటుకి తీసుకొచ్చాం. నాలుగో అంతస్తు. ఆవిడకి ఏ లోటూ రానివ్వలేదు. అయినా రోజూ సాయంత్రం బాల్కనీలో నిలబడి, "సముద్రం ఏ పక్కన?" అని అడిగేది. తినే అన్నం తగ్గిపోయింది. నలభై రోజుల తర్వాత, "నన్ను మా ఇంట్లో దింపెయ్యి" అంది.

ఈలోగా అన్నదమ్ముల సభ జరిగింది. "ఆ శిథిలంలో ఈ వయసులో ఒంటరిగానా?" అన్నాడు పెద్దన్నయ్య. "అమ్మేస్తే వడ్డీ మీద అత్త దర్జాగా బతకొచ్చు" అన్నాడు అమెరికాలో ఉన్న తమ్ముడు ఫోనులో. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. కానీ ఇల్లు ఎవరిదో ఆవిణ్ణి తప్ప అందరం అందరినీ అడుగుతున్నాం! చివరికి మా పెద్దవదినే, "అత్తయ్యగారూ, మీకేం కావాలి?" అంది. అత్త నిదానంగా చెప్పింది: "నా ఇల్లు నాకు కావాలి. కొత్తది కాదు, పాతదే. అయితే మీరు చేసేవన్నీ నాకు చెప్పి చెయ్యాలి."

గోడకి ఊపిరాడ్డం నేదు!

పెద్దన్నయ్య తెచ్చిన కాంట్రాక్టరు ఇల్లు ఓసారి చుట్టి, "పడగొట్టి కట్టడమేనండీ, ముప్ఫై లక్షల పైమాటే" అనేశాడు. అత్త ఏమీ అనలేదు. మర్నాడు వాళ్ల వీధి చివర ఉండే డెబ్భై ఏళ్ల తాపీమేస్త్రిని పిలిపించింది. ఆయన గోడ మీద వేలి కణుపులతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. "అమ్మా, ఈ గోడకి ఊపిరాడ్డం నేదు. సిమెంటు కోటు తొడిగీసినారు. నోపలి సెమట బైటికెలా వస్తాది?" అన్నాడు.

ఇది ముసలాయన చాదస్తమేమోనని, నాతో ఇంటర్ చదివి ఇప్పుడు సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే స్నేహితురాల్ని తీసుకెళ్లాను. ఆవిడ అదే మాట శాస్త్రంలో చెప్పింది. పాత ఇళ్ల గోడలు నేలలోని తేమను పైకి పీల్చుకుంటాయట. సున్నపు పూత ఆ తేమను మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు, దాని మీద ఎనామిల్ రంగు ఆ దారి మూసేస్తాయి. అప్పుడు తేమ ఇంకా పైకి పాకుతుంది. అందులో కరిగిన ఉప్పు పూత వెనక పలుకులు కట్టి, ఉబ్బి, ఇటుకను పిండి చేస్తుంది. సముద్రపు ఒడ్డున ఉప్పుకి కరువేముంది?

అంటే తుఫాను చెయ్యలేని పని నా సిమెంటు చేసిందన్నమాట!

2023 ఏప్రిల్ చివరి వారంలో పని మొదలుపెట్టాం. జూన్‌లో వానలు పడేలోపు ముగించాలి. పిల్లలకి సెలవులు. అందరం వంతులవారీగా వెళ్లి ఉండాలని మాట అనుకున్నాం.

మొదటి పని సిమెంటు ఒలవడం. దాన్ని సుత్తితో బాదితే లోపలి ఇటుక కూడా ఊడొస్తుంది. మేస్త్రి, ఆయన కొడుకు సన్నటి ఉలితో ముక్కముక్కగా తీశారు. పైకి వచ్చిన ఉప్పుని మేము పొడి బ్రష్షుతో దులిపి, చేటలో ఎత్తి బయట పారేశాం. నీళ్లు పోసి కడగబోయాను నేను. "కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది" అని స్నేహితురాలు ఆపింది. గోడలో మిగిలిన ఉప్పుని లాగడానికి ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. కాగితాన్ని నానబెట్టి గుజ్జు చేసి, కాస్త బంకమట్టి కలిపి గోడకి మెత్తాలి. ఆరేటప్పుడు గోడలోని ఉప్పు ఆ గుజ్జులోకి వస్తుంది. ఎండాక ఒలిచి పారెయ్యాలి. మా పిల్లలు తమ పాత నోటుపుస్తకాలన్నీ మోసుకొచ్చారు. ఎక్కాలు, హోంవర్కులు, ఎర్రసిరా తప్పులు... అన్నీ గోడకెక్కాయి! నడిమింటి గోడకి మూడు పట్లు మెత్తితే గానీ తెల్లదనం తగ్గలేదు.

సున్నం గొయ్యి

కొత్త పూతకి గుల్ల సున్నం తెప్పించమంది అత్త. సముద్రపు గుల్లల్ని కాల్చి చేసే సున్నం అది. పెరట్లో గొయ్యి తీసి, నీళ్లు నింపి, కాల్చిన గుల్లను కొద్దికొద్దిగా వేస్తుంటే నీళ్లు కుతకుతా ఉడికాయి. పిల్లల్ని పది గజాల దూరంలో నిలబెట్టింది అత్త. తన చిన్నప్పుడు ఇల్లు కడుతుంటే చూసిందట, అన్నీ గుర్తే. ఆ సున్నాన్ని నీళ్ల కింద మూడు వారాలు నాననిచ్చాం. ఎంత నానితే అంత వెన్నలా అవుతుంది. అందుకే ఉగాది వెళ్లగానే గొయ్యి తీయించాం. ఆ తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు మంచి ఏటి ఇసుక. ఒడ్డున ఉచితంగా దొరికే ఇసుక మాత్రం ముట్టుకోలేదు, అందులో ఉన్నదంతా ఉప్పే. నానబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం పాత పద్ధతి. మేస్త్రి అదీ వదల్లేదు.

సున్నం సిమెంటులా గబగబా గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా రాయి అవుతుంది. పూసిన గోడలకు రోజుకు మూడుసార్లు నీళ్లు చిలకరించి, ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు వేలాడదీశాం. ఆ పని మా వదినా నేనూ చూసుకున్నాం. అన్నట్టు, తొడుగుల్లేకుండా సున్నం కలపబోయి నా బొటనవేలు కాలింది. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే ఇంటి వైద్యం వద్దు. ధారాళంగా నీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పెంకుల వరస

వసారా మీది సిమెంటు రేకుల్ని తడిపి, విరగ్గొట్టకుండా దింపించాం. పాత సిమెంటు రేకుల్లో ఉండే ఆస్‌బెస్టాస్ పొడి ఊపిరితిత్తులకు చేటు. మిగతా కప్పు మీది బెంగుళూరు పెంకులన్నీ దింపాలి, కడగాలి, మళ్లీ ఎక్కించాలి. దాదాపు 1800 పెంకులు! కూలీలని పెడదామనుకుంటుండగా పొద్దున్నే పక్క పాకల వాళ్లు పదిమంది వచ్చి నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. నేను మొహమాటపడుతుంటే వాళ్లలో పెద్దావిడ అంది: "తుఫాను నాడు పంతులమ్మగారు తలుపు తీసినారు. ఇప్పుడు మేం సెయ్యెయ్యకపోతే ఎలాగమ్మా?"

నిచ్చెన నుంచి నూతి దాకా వరసగా నిలబడ్డాం. చేతిలోంచి చేతిలోకి పెంకులు. నూతి దగ్గర కొబ్బరిపీచుతో నాచు తోమి కడిగేవాళ్లు కడిగారు. అత్త నీడలో పీట వేసుకుని, కట్టు విప్పిన చేత్తో ఒక్కొక్క పెంకునీ వేలితో కొట్టి చూసింది. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పగులు. అలా నాలుగు వందల దాకా తీసేయాల్సి వచ్చింది. వాటి బదులు ఊళ్లో పడగొడుతున్న ఒక పాత ఇంటి పెంకులు కొన్నాం. పెంకు వీపు మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు పిల్లలు కూడబలుక్కుని చదువుతుంటే, అత్తలోని టీచరు లేచింది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు పెంకుల కార్ఖానా పెట్టడం, ఆ నమూనా దేశమంతా పాకడం పాఠంలా చెప్పేసింది.

చెద తిన్న వాసాలు మార్చి, కొత్తవాటికి జీడినూనె పట్టించాం. ఉప్పుగాలికి ఇనుము నిలవదు గనక తలుపులకు ఇత్తడి మడతబందులు, మిగతాచోట తుప్పు పట్టని స్టీలు మరలు వాడాం. గోడలకి ఎనామిల్ లేదు, మళ్లీ వెల్లసున్నమే.

లెక్కల పుస్తకంలో లేనివాళ్లు

అంతా సవ్యంగా జరిగిందనుకునేరు! సగం పనిలో పెద్ద గొడవ అయింది. పెద్దన్నయ్య లెక్కల పుస్తకం రాస్తున్నాడు. ఎవరు ఎంత ఇచ్చారు, మేస్త్రి కూలి ఎంత, పెంకుల ఖరీదెంత అన్నీ. ఒక రాత్రి దాన్ని పైకి చదువుతూ, "తమ్ముడిదే పెద్ద వాటా, లక్షన్నర. అమెరికా నుంచి కదలకుండానే మనందరికంటే ఎక్కువ చేశాడు" అన్నాడు. అంతే, మా వదిన చేతిలో ఉన్న గరిటె కింద పెట్టేసి పెరట్లోకి వెళ్లిపోయింది. కిందటి పందొమ్మిది రోజులుగా రెండు పూటలా పద్నాలుగు మందికి వండి వారుస్తున్నది ఆవిడే. అదీ కట్టెల పొయ్యి మీద, వంటింటి కప్పు విప్పేశారని పెరట్లో చింతచెట్టు కింద!

అత్త పుస్తకం అడిగి తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని కొత్త పేజీ తిప్పింది. పైన 'రెక్కలు' అని శీర్షిక పెట్టింది. కింద వరసగా రాసింది. పెద్ద కోడలు, వంట, పందొమ్మిది రోజులు. మేనకోడలు, గోడలు తడపడం. పిల్లలు, కాగితపు గుజ్జు. పక్క పాకల వాళ్లు, పేరు పేరునా, పెంకులు. ఇంజనీరమ్మ, సలహా, ఆరు ప్రయాణాలు. చివర తన పేరు కూడా వేసుకుంది: పెంకులు వినడం! తర్వాత అన్నయ్యతో, "ఇది కూడా పైకి చదువు" అంది. అన్నయ్య చదివాడు. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. పూర్తయ్యాక పుస్తకం మూసి పెరట్లోకి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. మర్నాటి నుంచి పొద్దుటి కాఫీలు, అంట్ల గిన్నెలు మగవాళ్ల వంతు అయ్యాయి.

మొత్తం ఖర్చు మూడు లక్షల నలభై వేలు తేలింది. రెక్కల పేజీకి వెల కట్టలేదు.

తలపెట్టేవారికి నాలుగు మాటలు

మీకూ ఊళ్లో పాత ఇల్లుండి, బాగుచేయించాలని ఉంటే ముందు ఆ ఇల్లు దేనితో కట్టారో తెలుసుకోండి. సున్నపు గోడకి సున్నమే వైద్యం. సముద్రపు ఒడ్డున అయితే ఇంకో జాగ్రత్త. 1991 నుంచి కేంద్ర ప్రభుత్వ తీరప్రాంత నిబంధనలు ఉన్నాయి, తర్వాత మార్పులూ జరిగాయి. ఉన్న ఇంటిని ఉన్న కొలతల్లో మరమ్మతు చేసుకోవడం వేరు, గదులు పెంచడం వేరు. పని మొదలుపెట్టక ముందే స్థానిక ఆఫీసులో అడిగి తెలుసుకోండి. వానలకి ముందే కప్పు ముగించండి. బంధువులు కలిసి చేసే పనైతే డబ్బు లెక్కతో పాటు రెక్కల లెక్కా రాయండి. అన్నిటికంటే ముందు ఆ ఇంట్లో ఉండే మనిషిని అడగండి. ఆ మనిషి "బావుంది తల్లీ" అన్నా సరే, దానికి ముందు ఏమందో గుర్తుచేసుకోండి.

ఇల్లు ముందు ముందు ఎవరికి అన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది. తమ్ముడు ఇప్పటికీ అమ్మడం మంచిదనే అంటాడు. అత్త నవ్వి ఊరుకుంటుంది. "ముందు నన్ను ఉండనివ్వండర్రా" అంటుంది.

జూన్ మూడో వారంలో ఆ ఏటి మొదటి పెద్ద వాన పడింది. రాత్రి పది దాటాక అత్త ఫోను చేసింది. నా గుండె గుభేలుమంది.

"వంటింట్లో ఒకచోట కారుతోందే" అంది. "గిన్నె పెట్టాను. కంగారేం లేదు. ఆదివారం వచ్చినప్పుడు మేస్త్రిని పిలుద్దాం."

ఫోను పెట్టేశాక మా ఆయన, "ఇంత ఖర్చు పెట్టినా కారుతోందా?" అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. అత్త కారుతోందని చెప్పింది! ఏడేళ్లు క్యాలెండర్ల వెనక దాచిన మనిషి, ఈసారి కారిన గంటలోపే నాకు చెప్పింది.

ఆదివారం వెళ్లి చూశాను. ఒక పెంకు జరిగింది, సరిచేయించాం. నడిమింటి గోడకి ఇప్పుడు ఒక్కటే క్యాలెండరు. ఆ సంవత్సరానిదే.